పత్తిచేని గట్టు మీద పేరు తెలియని పువ్వు

కోటిరత్నం ఆ వాట్సాప్ గ్రూపులో చేరింది గోంగూర కోసం.

గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్ రిసెప్షన్లో పనిచేసే ఆమె చెల్లెలు మాధురి, "ఆకు అలము" అనే పేరు చూసి అది ఆకుకూరల వంటల గ్రూపు అనుకుంది. అనుకుని అక్కని అందులో చేర్చేసింది. కోటిరత్నం చేరిన రోజే ఉత్సాహంగా అడిగింది: "గోంగూర పచ్చడి వర్షాకాలంలో బూజు పట్టకుండా ఉండాలంటే ఏం చెయ్యాలండీ?"

గ్రూపు నడిపే షఫీక్ మాష్టారి దగ్గర్నుంచి వెంటనే జవాబు వచ్చింది. "ముందు ఒక సంగతి చెప్పండమ్మా. మీ గోంగూర హైబిస్కస్ కన్నాబినసా, హైబిస్కస్ సబ్దరిఫానా?"

తనని ఏదో తిట్టారనుకుని కోటిరత్నం రెండు రోజులు ఫోన్ ముట్టుకోలేదు. మూడోరోజు చూస్తే అక్కడ వంటల ఊసే లేదు. ఎవరెవరో పొలాల్లో, రోడ్ల పక్కన, రైలు కట్టల వెంట కనిపించిన మొక్కల ఫోటోలు పెడుతున్నారు. మిగిలినవాళ్ళు ఆ మొక్క పేరేమిటో వాదించుకుంటున్నారు. కాలేజీలో బోటనీ చెప్పి రిటైరైన షఫీక్ మాష్టారు ఆఖరున తీర్పు చెబుతున్నారు. ఆమె బయటికి వచ్చేద్దామనే అనుకుంది. సరిగ్గా అప్పుడే ఎవరో పెట్టిన ఫోటోలో, తను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మిరపచేలో కొడవలితో లేపి పారేస్తున్న ఒక కలుపు మొక్క కనిపించింది. దానికి ఒక పేరుందట. ఆ పేరు వెనక చుట్టాలున్నారట. అది మధ్యాహ్నం ఆకులు ముడుచుకుంటుందట. ఇంతకాలం పక్కింట్లో ఉన్న మనిషి ఎవరో ఇవాళ తెలిసినట్టయింది కోటిరత్నానికి. బయటికి రాలేదు.

ఏడాది పాటు ఆమె నోరు మెదపకుండా చదువుతూనే ఉంది. ఆమె మొదటిసారి ఒక ఫోటో పెట్టింది మొన్న వానలు వెనకబట్టాక.

ప్రత్తిపాడుకి అవతల వాళ్ళ ఊరు. ఆ మధ్యాహ్నం మొగుడు వీరబాబుకి క్యారేజీ పట్టుకుని పత్తిచేనికి వెళుతోంది. నల్లరేగడి నానిపోయి చెప్పులకి చక్రాల్లా అంటుకుంది. చెప్పులు చేత్తో పట్టుకుని గట్టెక్కేసరికి, గడ్డిలో నేలబారుగా పాకిన ఒక మొక్క కాలికి తగిలింది. బూడిద పూసినట్టు పాలిపోయిన గుండ్రటి ఆకులు, అంచులు ముడతలు ముడతలుగా ఉన్నాయి. ఆకుల మధ్య ఒక పువ్వు. దాన్ని పువ్వు అనడానికి కోటిరత్నానికి నోరు రాలేదు. కింద చిన్న బుడ్డి, బుడ్డికి సన్నటి గొట్టం, గొట్టం చివర ముదురు ఊదారంగు నాలుక బయటికి చాపి ఉంది. ఎవరినో వెక్కిరిస్తున్నట్టుంది.

"ఓసి నీ దుంపతెగ!" అంది కోటిరత్నం. క్యారేజీ గట్టు మీద పెట్టేసి ఫోటో తీసింది.

తొందరలో ఫోటో అలుక్కుపోయింది. మూడో వంతు బొటనవేలే ఉంది. అయినా పెట్టేసింది. గ్రూపు ఒక్కసారిగా లేచింది. ఒకాయన తిప్పతీగ అన్నాడు. ఒకావిడ గుమ్మడి అంది. మొక్కల పేర్లు చెప్పే యాప్‌లో వేసి చూసిన ఇంకొకాయన, అది ఏదో దీవిలో తప్ప పెరగని మొక్క అని, అందరూ అర్జంటుగా వచ్చి చూడాలని రాశాడు. అప్పుడు షఫీక్ మాష్టారు వచ్చారు.

"ఆకు ఒక్కటి చూసి మొక్క పేరు చెప్పడమంటే, గుమ్మంలో చెప్పులు చూసి లోపలి మనిషి పేరు చెప్పడమే. కోటిరత్నం గారూ, పువ్వు ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, ఆకు వెనక వైపు ఒకటి పంపండి. పక్కన కొలతకి ఏదైనా పెట్టండి. బొటనవేలు వద్దు."

కొలతకి ఆమె దగ్గర ఏముంది? క్యారేజీ విప్పి, మజ్జిగన్నంలోకి తెచ్చిన పచ్చిమిరపకాయ తీసి ఆకు పక్కన పెట్టింది. అది పంపాక అరగంట సేపు మొక్క సంగతి అందరూ మరచిపోయారు. అది ఏ రకం మిరపకాయ, ఏ ఊరి విత్తనం, అంత పొడుగు ఎలా వచ్చింది అని గ్రూపులో సగం మంది కొట్టుకున్నారు. ఈలోగా ఆకలికి తట్టుకోలేక గట్టు దాకా వచ్చిన వీరబాబు, పెళ్ళాం నేల మీద చతికిలబడి ఉండటం, తన మిరపకాయ మట్టిలో పడి ఉండటం చూశాడు.

"ఏమే, అన్నం నాకా, ఆ గడ్డికా?"

"గడ్డి కాదయ్యా. దీనికి పేరుంది."

"ఏం పేరు?"

"అదే తెలీట్లేదు!" అంది కోటిరత్నం, లాటరీ తగిలినంత సంబరంగా.

ఆ సాయంత్రానికి కూడా పేరు తేలలేదు. పువ్వు ఫోటోలన్నీ ఎండకి తెల్లబారాయి. పొద్దున్నే, ఎండ ముదరకముందు మళ్ళీ తియ్యమన్నారు మాష్టారు.

మర్నాడు పొద్దున కోటిరత్నం గేదెల పని తొందరగా ముగించుకుని ఫోన్ తీసుకుని బయలుదేరుతుంటే, చేను వైపు నుంచి మోటారు చప్పుడు వినిపించింది. పవర్ స్ప్రేయర్. వీరబాబు గట్ల మీద గడ్డిమందు కొడతానని నాలుగు రోజులుగా అంటున్న మాట అప్పుడు గుర్తొచ్చిందామెకి. చీర కుచ్చిళ్ళు దోపుకుని, ఆ బురదలో ఒకటే పరుగు.

"ఆపవయ్యా! ఆపు! ఆపు!"

వీరబాబు భుజాన ట్యాంకుతో గట్టు మొదట్లో ఉన్నాడు. పెళ్ళాం అరుపు విని ఉన్నచోటే ఎగిరి గెంతాడు. "పామా? ఎక్కడ? ఎక్కడే?"

"పాము కాదు, పువ్వు!"

"పువ్వా!" వీరబాబు మోటారు ఆపి ట్యాంకు దించాడు. "గుండె ఆగిపోయేది కదే. పువ్వుకి ఆ కేకలేంటి?"

"నువ్వు మందు కొట్టావంటే దాని పేరు ఇక ఎప్పటికీ తెలీదు. ఇదిగో, గట్టు మీద పెట్టిన నీ గొడుగు పట్టుకుని ఇటు రా. గాలికి ఊగుతోంది, ఎండ పడుతోంది. అడ్డం పెట్టు."

ఇరవై ఏళ్ళ కాపురంలో వీరబాబు చాలా పనులు చేశాడు గానీ పువ్వుకి గొడుగు పట్టలేదు. గొణుక్కుంటూనే వంగి పట్టాడు. పువ్వు నేలకి బెత్తెడు ఎత్తున ఉండటంతో, కోటిరత్నం ముందు కూర్చుంది. సరిపోలేదు. మోకాళ్ళ మీద వంగింది. సరిపోలేదు. చివరికి తడి గట్టు మీద బోర్లా పడుకుని, గడ్డం నేలకి ఆనించి, ఊపిరి బిగబట్టింది.

సరిగ్గా అప్పుడే డొంకదారిన మోటార్ సైకిల్ మీద అల్లాబక్షు వచ్చాడు. అల్లాబక్షుది పక్క చేను. వీరబాబుని బావా అని, కోటిరత్నాన్ని చెల్లెమ్మా అని పిలుస్తాడు. దూరం నుంచి అతనికి కనిపించింది ఇది: కోటిరత్నం కదలకుండా బోర్లా పడి ఉంది. వీరబాబు ఆమె మీదకి వంగి నీడ పడుతున్నాడు. పక్కన మందు ట్యాంకు.

"ఓరి దేవుడో! చెల్లెమ్మని పాము కరిచింది! రండ్రోయ్!"

పక్క మిరపచేలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళందరూ లేచి పరుగు తీశారు. అందరికంటే ముందు శివపార్వతి వచ్చి, ఒక్క మాటైనా అడగకుండా కోటిరత్నం కాలు దొరకబుచ్చుకుని పిక్క పైన తువ్వాలు బిగించి కట్టేసింది.

"ఒసేయ్, కాలు వదలవే! వణికిపోతోంది!"

"విషం ఎక్కితే వణుకే వస్తుంది. కదలమాక! నూటెనిమిదికి ఫోన్ చెయ్యండ్రా ఎవరైనా!"

"ఫోన్ నా చేతిలో ఉందే! వణుకుతోంది ఫోటో!" అని కోటిరత్నం అరిచింది.

అల్లాబక్షు ఆగాడు. గొడుగు కింద చూశాడు. ఊదారంగు నాలుక చాపుకుని పువ్వు ఉంది. పాము లేదు. ముందు అతనే నవ్వాడు. తరవాత శివపార్వతి కట్టిన తువ్వాలు విప్పలేక నవ్వింది. అది చూసి మిగిలినవాళ్ళందరూ గట్టు మీద కూలబడ్డారు. వీరబాబు చేతిలో గొడుగు ఊగడం మొదలైంది.

"నవ్వండి, నవ్వండి. ఎండ వస్తోంది, కాస్త అడ్డంగా నిలబడి నవ్వండి," అంది కోటిరత్నం లేవకుండానే.

నిలబడ్డారు. ఏడెనిమిది మంది మనుషులు గోడలా నిలబడేసరికి గాలి ఆగింది. పువ్వు కదలకుండా నిలిచింది. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. ఆకు వెనక్కి తిప్పితే అక్కడ ఒక గొంగళి పురుగు. ముదురు ఎరుపు ఒళ్ళు, ఒంటి నిండా మెత్తటి ఎర్రటి కొమ్ములు, నడుముకి తెల్ల పట్టీ.

"పురుగు! పత్తికెక్కుద్ది, చంపెయ్!" అంటూ వీరబాబు చెప్పు తీశాడు. పత్తి రైతుకి పురుగు కనబడితే చెయ్యి ఆగదు.

"ఆగు, దీన్నీ తియ్యనీ," అని కోటిరత్నం చెయ్యి అడ్డం పెట్టి దాన్ని కూడా తీసి పంపింది.

పంపిన మరుక్షణం గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. పొన్నూరులో బ్యాంకులో పనిచేసే జ్యోతిర్మయి. మొక్కల కంటే సీతాకోకచిలుకల పిచ్చి ఎక్కువ ఆమెకి. కోటిరత్నం స్పీకర్ పెట్టింది. గట్టంతా వింది.

"అయ్యో అయ్యో అయ్యో! ఆ పురుగుని ఎవ్వరూ ముట్టుకోవద్దు! అది నల్ల రెక్కల ఎర్ర ఒంటి సీతాకోకచిలుక పిల్ల! అది ఈశ్వరి ఆకు, ఆ ఈశ్వరి చుట్టాల ఆకులే తింటుంది, ఆకలితో చస్తుంది గానీ మీ పత్తి ముట్టుకోదు! కాబట్టి మీ మొక్క ఈశ్వరి! నేను ఇప్పుడు క్యాష్ కౌంటర్లో ఉన్నాను, అందరూ నన్నే చూస్తున్నారు, ఉంటాను!"

వీరబాబు చెప్పు కింద పెట్టాడు. పత్తి ముట్టుకోని పురుగు సంగతి అతను వినడం అదే మొదటిసారి. వంగి దాని కొమ్ముల్ని తేరిపార చూశాడు.

"ఈశ్వరంట. శివుడి మొక్క. నేనప్పుడే అనుకున్నా," అంది శివపార్వతి, ఏమీ అనుకోకపోయినా.

"ఈశ్వరి తీగ కదా? కంచె పట్టుకుని పైకి పాకుద్ది. మా పెద్దమ్మ వాళ్ళ దొడ్లో ఉండేది. ఇది నేల వదలట్లేదే," అన్నాడు అల్లాబక్షు.

దాంతో గట్టు మీద రెండు పార్టీలు లేచాయి. గ్రూపులోనూ అదే గొడవ. అంతలో ఫోన్ మోగింది. షఫీక్ మాష్టారే, వీడియో కాల్. సిగ్నల్ ఒక్క గీతే ఉంది. మాష్టారి ముఖం ముక్కలు ముక్కలుగా వస్తోంది. మాటలు మాత్రం స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"కోటిరత్నం గారూ, జ్యోతిర్మయి చెప్పినదాంట్లో సగం నిజం. కుటుంబం అదే. కానీ ఆ కుటుంబంలో ఎవరు? పువ్వు కాడ ఎక్కడ పుడుతోందో చూడండి. అక్కడ ఏముంది? తెంపకండి. చూసి చెప్పండి."

కోటిరత్నం మళ్ళీ బోర్లా పడుకుంది. ఈసారి గొడుగు పట్టమని చెప్పక్కర్లేకపోయింది. చూపుడువేలితో గడ్డి పక్కకి నెట్టి చూసింది.

"ఆకుందండీ. పెద్ద ఆకు కాదు. వేలి గోరంత, గుండ్రంగా, కాడ మొదట్లో చిన్న ఆకు, దానికదే విడిగా. పువ్వుకి చాప పరిచినట్టుంది."

మాష్టారి బొమ్మ తెర మీద బిగుసుకుపోయింది. లైన్ పోయిందేమో అనుకున్నారు. ఒక్కసారిగా మాష్టారు అరిచారు.

"గాడిదగడప!"

అల్లాబక్షు ముఖం ఎర్రబడింది. "ఎవర్ని బావా గాడిదంటున్నాడు? మనల్నేనా?"

"గాడిదగడప! గాడిదగడపాకు! ఆ చిన్న ఆకు ఈశ్వరికి ఉండదు! దీనికే ఉంటుంది! రేగడి నేలల మొక్క ఇది!" ఫోన్లో మాష్టారి వెనక నుంచి ఒక ఆడగొంతు, "ఏమైందండీ, ఎవరు పోయారు?" అని అడగడం వినిపించింది. "ఎవరూ పోలేదు గుల్జార్! దొరికింది! చీర మార్చుకో, వెళుతున్నాం!"

పేరు నోట్లో తిప్పుకుని చూసింది కోటిరత్నం. గాడిదగడప. ఇంత నాజూకు పువ్వుకి ఎవడు పెట్టాడో ఆ పేరు. నవ్వు పొట్టలో మొదలై పైకి వచ్చింది. శివపార్వతి అందుకుంది. "మన వీరబాబన్న గాడిదగడపకి గొడుగు పట్టాడు!" అంతే, మళ్ళీ గట్టు మొత్తం ఊగిపోయింది. కలుపు తీతకి ఆ పూట గండి పడింది.

షఫీక్ మాష్టారు, ఆయన భార్య గుల్జార్ బేగం మధ్యాహ్నానికల్లా స్కూటర్ మీద దిగారు. దిగారనడం సరికాదు. డొంకలో బురద చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య గట్టిపడి స్కూటర్ ఆగిపోతే, అక్కడ వదిలేసి నడుచుకుంటూ వచ్చారు. ఆయన సన్నగా, తెల్లటి చొక్కాలో ఉన్నారు. ఎవరినీ పలకరించలేదు. నేరుగా గట్టు దగ్గరికి వచ్చి, ఆ తెల్ల చొక్కాతోనే బోర్లా పడుకున్నారు.

కోటిరత్నం బిత్తరపోయి గుల్జార్ బేగం వైపు చూసింది.

"ఇంతేనమ్మా. మా పెళ్ళయిన కొత్తలో నన్ను వాళ్ళ ప్రిన్సిపాల్‌కి పరిచయం చేస్తూ, నా పేరు కంటే ముందు మా పెరట్లో ఉన్న చెట్టు పేరు చెప్పారు," అందామె, గట్టు మీద రుమాలు పరుచుకుని కూర్చుంటూ. "కాలేజీలో ఎండబెట్టి కాగితానికి అంటించిన గాడిదగడప ఒకటి ఉండేదట. దాన్నే చూపించి పిల్లలకి పాఠం చెప్పేవారు. పువ్వు నల్లగా, అప్పడంలా ఉండేదట. పచ్చిది చూసి ఎన్నాళ్ళయిందో. దార్లో మూడుసార్లు చెప్పారు నాకు."

మాష్టారు పడుకునే పిలిచారు. "కోటిరత్నం గారూ, ఇలా రండి. ఆ గొట్టంలోకి చూడండి. లోపల వెంట్రుకలు కనబడుతున్నాయా? కిందికి వాలి ఉన్నాయి. చిన్న ఈగ లోపలికి దిగితే మళ్ళీ పైకి రాలేదు. ఒక పూట లోపలే ఉంటుంది. పుప్పొడి ఒంటికి పూసుకున్నాక వెంట్రుకలు వాడిపోతాయి. అప్పుడు తలుపు తీసి పంపిస్తుంది."

"చంపదా?"

"చంపితే పుప్పొడి ఇంకో పువ్వుకి ఎవరు మోస్తారు? పూట ఉంచుకుని, పని చెప్పి పంపిస్తుంది."

"మా అత్తగారి లాగా," అంది శివపార్వతి.

చుట్టూ మూగినవాళ్ళలో ఒకాయన, కడుపులో పురుగులకి ఈ ఆకు రసం బాగా పనిచేస్తుందట కదా అని అడిగాడు. మాష్టారు అప్పటికి లేచి కూర్చున్నారు. ఆ ఒక్క మాటకి మాత్రం ఆయన నవ్వు ఆగింది. "వద్దు బాబూ. పాతకాలంలో వాడారు. ఇప్పుడు తెలిసింది, ఈ కుటుంబం మొత్తం కిడ్నీలకి విషం. కళ్ళతో చూడండి. నోట్లో పెట్టకండి."

ఈలోగా గుల్జార్ బేగం కూర్చున్న చోట గడ్డిలో ఏదో ఏరి కోటిరత్నం అరచేతిలో పెట్టింది. ఎండిపోయిన కాయ. కింద నుంచి పైకి చీలికలుగా విచ్చుకుని, సన్నటి దారాలతో వేలాడుతోంది. అచ్చం బొమ్మల కొలువులో పెట్టే చిన్న ఉట్టిలా ఉంది.

"ఇది కూడా దీనిదేనా?" అని కోటిరత్నం అడిగింది.

"దీనిదే. విత్తనాలన్నీ గాలికి పోసేసింది. ఇక్కడ ఇంకా ఉంటాయి, వెతకండి," అన్నారు మాష్టారు.

అందరూ వెతికారు. వీరబాబే ముందు కనిపెట్టాడు, గట్టు మలుపులో ఇంకో మొక్క. అతని అరుపు పొద్దున కోటిరత్నం పెట్టిన అరుపు కంటే పెద్దది. "ఇక్కడుంది! రెండు పూలు! నేను చూశా, నేనే చూశా!" అక్కడి నుంచి అతన్ని పట్టడం కష్టమైపోయింది. డొంకలో పోయేవాళ్ళని ఆపి, పువ్వు కాడ దగ్గర చిన్న ఆకు చూపించి, ఈశ్వరికీ దీనికీ తేడా చెప్పడం మొదలుపెట్టాడు. ఈగల సంగతి చెప్పేటప్పుడు ఒక పూటని మూడు రోజులు చేశాడు. గడ్డిమందు ట్యాంకు తనే ఎత్తి, డొంకలో నిలిపిన తన ట్రాక్టర్ ట్రక్కులో వేశాడు. ఆ గట్టు పొడవునా ఇక మందు కొట్టనని, కలుపు చేత్తోనే లాగిస్తానని అందరి ముందూ ప్రకటించాడు. "మిగతా గట్ల సంగతి రేపు ఆలోచిద్దాం," అని కూడా అన్నాడు, వాటికి మాత్రం మాట ఇవ్వకుండా.

పొద్దు వాలుతుండగా, బురద పట్టిన స్కూటర్‌ని నలుగురు కలిసి ట్రక్కులోకి ఎత్తారు. మాష్టారు దంపతుల్ని మెయిన్ రోడ్డు దాకా దింపుదామని వీరబాబు ట్రాక్టర్ ఎక్కాడు. కోటిరత్నం కూడా ట్రక్కులో ఎక్కింది. ఎక్కాల్సిన పనేమీ లేదు. ఇంట్లో గేదెలు ఎదురు చూస్తున్నాయి. అయినా ఎక్కింది. అల్లాబక్షు మోటార్ సైకిల్ మీద వెనకే వచ్చాడు. అతనికీ ఇంటి దారి అటు కాదు.

డొంక గతుకులకి ట్రక్కు ఎగిరెగిరి పడుతోంది. స్కూటర్ ఒక పక్క, గుల్జార్ బేగం ఒక పక్క, మధ్యలో మాష్టారు అంచు పట్టుకుని నిలబడ్డారు. చొక్కా ముందు భాగమంతా నల్లరేగడి. ఆయన ఎడమ వైపుకి చెయ్యి చాపి అరిచారు.

"ఉత్తరేణి!"

కోటిరత్నం కుడి వైపు చూసి అరిచింది. "తుమ్మి!"

"తుత్తురుబెండ!"

"పల్లేరు! అదిగో, గునుగు!"

"గునుగు నేను ముందు చూశాను!"

"మీరు అటు చూస్తున్నారండీ, నాది ఇటు!"

"ఇద్దరూ కూర్చోండి, పడిపోతారు!" అని గుల్జార్ బేగం ఇద్దరి బట్టలూ పట్టుకుంది. ఆమె కూడా నవ్వుతోంది. గాలికి ముసుగు జారిపోయినా సర్దుకోవడం లేదు. గడ్డి వాసన, ట్రాక్టర్ పొగ, పత్తిపూల మీద పసుపు వెలుగు, ఇన్నీ ఒక్కసారిగా వచ్చి కోటిరత్నానికి తల తిరిగినట్టయింది. ఇన్నాళ్ళూ ఈ డొంకకి రెండు పక్కలా గడ్డి ఉందనే అనుకుంది. గడ్డి కాదు. జనం. తిరునాళ్ళలో ఉన్నంత జనం, అందరూ పేర్లున్నవాళ్ళే.

"వయ్యారిభామ!" అని అరిచింది.

"జిల్లేడు!" అన్నారు మాష్టారు. ఆ తర్వాత ఆయన నోరు తెరిచి అలాగే ఉండిపోయారు. కాలువ వంతెన పక్కన, తుమ్మ కంప మీద, తెల్లటి పూలగుత్తులు ఏవో వేలాడుతున్నాయి. కోటిరత్నం కూడా చూసింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మాష్టారికి తెలియదు. కోటిరత్నానికీ తెలియదు.

ఆపమని ఇద్దరూ ఒకేసారి నోరు తెరవబోయారు. అప్పటికే వీరబాబు బ్రేకు తొక్కేశాడు. ఇంజను కూడా ఆపకుండా సీటు మీంచి దూకి, పంచె ఎగ్గట్టి, కంప వైపు పరుగెత్తుతున్నాడు.